కత్తెర తాత బల్ల పందెం

మీసం సంగతి అందరూ చెబుతారు. పాల బూత్ దగ్గరా అదే మాట, మందుల షాపులోనూ అదే మాట. కానీ చెప్పేవాళ్లలో సగం మంది అక్కడ లేనేలేరు. నేనున్నాను! పందెం కట్టినప్పుడూ ఉన్నాను, కొంప మునిగినప్పుడూ ఉన్నాను. పైగా ఆ పందేనికి తీర్పు చెప్పాల్సినదాన్ని కూడా నేనే. కాబట్టి మధ్యలో అడ్డు తగలకుండా వినండి.

నేను బట్టలు కుడతాను. నా కొట్టుకూ కత్తెర తాత సెలూన్‌కూ మధ్య ఉన్నది చెక్క గోడ, అదీ భుజం ఎత్తే. మిషన్ దగ్గర లేచి నిలబడితే చాలు, అవతలి అద్దాలూ, రెండు కుర్చీలూ, బల్లా అన్నీ కనిపిస్తాయి. కనిపించనిది వినిపిస్తుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అంటాడు. నానకపోతే నానకపోనీ, నువ్వుగింజల్ని నానబెట్టుకుని నేనేం చేసుకోను?

వీధంతా కత్తెర తాత అంటుంది గానీ నేను బాబాయ్ అంటాను. కొట్టు తెరిచిన కొత్తలో నాకు కత్తెర సాన పట్టడం నేర్పింది ఆయనే. సన్నటి మనిషి, ఎప్పుడూ తెల్లచొక్కా, పైజేబులో దువ్వెన. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి, దాని మీద ఎక్కించి, ఏడుస్తుంటే ఈలలు వేసి నవ్వించి ఆయన జుట్టు కత్తిరించిన పిల్లలు ఇప్పుడు బట్టతలలతో వస్తున్నారు. గడ్డం గీసేటప్పుడు ఆయన చెయ్యి తగిలినట్టే ఉండదని, నిద్ర పట్టేస్తుందని పెద్దవాళ్లు చెప్పుకునేవారు.

ఇక ఆ బల్ల. గోడ వారగా, గుమ్మం నుంచి అద్దం దాకా పొడుగ్గా ఉంటుంది. జనం కూర్చుని కూర్చుని నున్నబడిపోయింది. ఒకప్పుడు ఆ బల్ల మీద ఒక్కటే పేపరుండేది. దాన్ని విడదీసి తలా ఒక కాగితం పట్టుకునేవారు. ఆటల కాగితం కోసం కొట్టుకునేవారు. ఒకడు చదువుతుంటే పక్కవాడు మెడ వంచి చదివి, "అదంతా అబద్ధమండీ" అని మొదలెట్టేవాడు. అంతే! ఇక మా గోడ అదిరిపోయేది. ఆ బల్ల మీద పెళ్లి సంబంధాలు కుదిరాయి, అద్దె ఇళ్లు దొరికాయి, ఒక ఎద్దు తప్పిపోతే అది కూడా దొరికింది.

ఇప్పుడు? ఇప్పుడంతా మూగనోము. అందరి చేతుల్లో ఫోన్లు, అందరి తలలూ కిందకి. బాబాయ్ రోజూ నాతో మొత్తుకునేవాడు.

"లోకం చెడిపోయిందమ్మాయ్! ఇవాళ తండ్రీకొడుకులు పక్కపక్కనే కూర్చున్నారు. కుర్చీ ఖాళీ అయిందని తండ్రికి కొడుకు ఫోన్లో మెసేజ్ పెట్టాడు. పక్కనే ఉన్నాడే! మోచెయ్యి తగులుతోంది!"

"పోనీలే బాబాయ్."

"పోనీ ఏంటి? వెళ్లేవాడు వస్తానని చెప్పడు. వచ్చేవాడికి ఉన్నవాడు జరగడు. తలుపు వేసేవాడు తలుపు మీద పగ ఉన్నట్టు వేస్తాడు. ఈ కాలం పిల్లల్లో మర్యాద మిగిలింది మా మనవరాలు ఒక్కదానికే. చూశావా, నా దగ్గర గడ్డం చేయించుకున్నవాళ్లని గుమ్మం దాకా సాగనంపుతుంది!"

అది నిజమే. ఆ పిల్ల ఆయన కూతురి కూతురు. జుట్టు పని కోర్సు చేసి వచ్చి రెండో కుర్చీ తీసుకుంది. ఆడపిల్ల ముందు తల వంచడమేమిటని మొదట్లో గొణిగిన మగమహారాజులే ఇప్పుడు ఆ పిల్ల కుర్చీ ఖాళీ అయ్యేదాకా కదలరు. తన చేతిలో పని ఆపి మరీ తాతగారి గిరాకీని గుమ్మం దాకా తీసుకెళ్లి, ఏదో ఒక మాట చెప్పి పంపేది. నాకూ ముచ్చటగానే ఉండేది.

అలాంటి పిల్ల ఒక శనివారం బాంబు పేల్చింది.

"తాతా, ఈ బల్ల తీసేద్దాం. ఎవరి టైము వాళ్లకి ఫోన్లోనే ఇచ్చేద్దాం. ఎవరూ కాచుకుని కూర్చోనక్కర్లేదు."

"బల్ల తీసేస్తే మనుషులు మాట్లాడుకునేదెక్కడే?"

"ఎవరు మాట్లాడుకుంటున్నారు తాతా? ఒక్కసారి చూడు!"

నేనూ లేచి చూశాను. బల్ల నిండా మగాళ్లు. ఎవరో పోతే సంతాపం పాటిస్తున్నట్టు తలలు వంచుకుని ఉన్నారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బాబాయ్ మొహం ఎర్రబడింది.

"మాట్లాడతారు! మనిషన్నాక మాట్లాడకుండా ఉంటాడా? పందెం!"

"పందెమే! రేపు ఆదివారం. తెరిచినప్పట్నుంచి మూసేదాకా బల్ల మీద ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇద్దరు, వాళ్లంతట వాళ్లు మాట్లాడుకోవాలి. నువ్వు మొదలుపెట్టకూడదు. దగ్గకూడదు, సైగ చెయ్యకూడదు. మాట్లాడుకుంటే నువ్వున్నన్నాళ్లూ బల్ల జోలికి రాను. లేకపోతే బల్ల ఎత్తేస్తా. ఇంకోటి, ఓడిపోతే గడ్డం కత్తి నాకిచ్చెయ్యాలి. గడ్డాలు నేను చేస్తా, నువ్వు కత్తెర పని చూసుకో."

"నా చేతిలోంచి కత్తి లాక్కునేదానివా! సరే! తీర్పు టైలరమ్మది!"

నాకు ఒళ్లు మండింది. బల్ల అడిగితే అడిగింది, కత్తెందుకు ఈ పిల్లకి? తాత బతికుండగానే ఆస్తి పంచుకున్నట్టు! ఎంత గారాబం చేస్తే అంత నెత్తికెక్కుతారు ఈ కాలం పిల్లలు అని ఆ పూటంతా తిట్టుకున్నాను. తీర్పు చెప్పేవాళ్లు ఎవరి పక్షమూ ఉండకూడదంటారు. నేను మాత్రం నిండా మునిగి బాబాయ్ పక్షమే.

ఆదివారం నా కొట్టుకు సెలవు. అయినా తెల్లారగానే వచ్చి, గోడకు ఆనుకుని ఎత్తు స్టూలు వేసుకుని కూర్చున్నాను. కుట్టాల్సిన బొత్తాలు ఒళ్లో పెట్టుకున్నాను గానీ ఒక్కటీ కుట్టలేదు.

పొద్దున్నే ఒకాయన తుమ్మాడు. ఒకప్పుడైతే నలుగురు "చిరంజీవ" అనేవారు. పక్కవాడు ఫోన్ అటు తిప్పుకుని తుడుచుకున్నాడు, అంతే. తర్వాత ఒకడు పక్కవాణ్ని మోచేత్తో పొడిచి గోడలోని ప్లగ్గు చూపించాడు. వాడు ఛార్జర్ తీసి ఇచ్చాడు. బాబాయ్ నా వైపు ఆశగా చూశాడు. మనవరాలు కూడా చూసింది.

"సైగ మాట కాదు" అన్నాను. చెప్పేటప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. నువ్వు నా మనిషివేనా అన్నట్టు ఒక చూపు చూశాడు బాబాయ్.

మధ్యాహ్నం చూడాలి! ఒకే తాను గుడ్డతో నేనే కుట్టిన చొక్కాలు వేసుకుని ఇద్దరు వచ్చారు. ఒకరికొకరు తెలియదు. పక్కపక్కనే కూర్చున్నారు. ఒకడు రెండోవాడి చొక్కా చూశాడు, తన చొక్కా చూసుకున్నాడు. రెండోవాడూ చూశాడు. ఇద్దరూ నవ్వారు! నేను స్టూలు మీంచి లేచిపోయాను. అడగరా నాయనా, ఎక్కడ కుట్టించావని అడుగు! మొదటివాడు నోరు తెరిచాడు. ఇంత పెద్దగా తెరిచాడు. తెరిచి ఆవలించాడు! వాడి చొక్కా మళ్లీ నా దగ్గరికి రాకపోతుందా, అప్పుడు చెబుతానని పళ్లు కొరుక్కున్నాను.

పొద్దు వాలుతోంది. బాబాయ్ భుజాలు కూడా వాలుతున్నాయి. అప్పుడొచ్చాడు బ్యాంకు గార్డు.

ఆ మీసం చూడని మనిషి మా పేటలో లేడు. మెలేసి, నూనె పెట్టి, రెండు వైపులా పైకి లేపి ఉంటుంది. బ్యాంకుకి అసలు కాపలా ఆయనా, ఆయన మీసమా అని పిల్లలు వెటకారం ఆడతారు. ప్రతి ఆదివారం గడ్డం చేయించుకుని, మీసం కొసలు సరిచేయించుకుంటాడు. బాబాయ్ తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. వచ్చి బాబాయ్ కుర్చీలో తల వెనక్కి వాల్చి, ఫోన్ పైకెత్తి పట్టుకుని ఆట చూడటం మొదలెట్టాడు. బాబాయ్ మొహమంతా నురగ పూసి మడత కత్తి తెరిచాడు.

సరిగ్గా అప్పుడే బల్ల మీద ఒక కుర్రాడి చెవిలోంచి తెల్ల గుళిక లాంటిది జారి కిందపడి, దొర్లుకుంటూ పోయి సంచి పట్టుకున్న ఒక పెద్దాయన చెప్పు పక్కన ఆగింది. పెద్దాయన వంగాడు. తీశాడు. "బాబూ..." అన్నాడు!

నేను గోడ మీదికి సగం వంగిపోయాను. ఒక్కడంటే చాలదు, కుర్రాడు బదులివ్వాలి! బాబాయ్ ఒళ్లంతా చెవి చేసుకుని బల్ల వైపు తిరిగాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. కుర్రాడు తలెత్తాడు. థాంక్స్ అనబోయాడు కాబోలు, ఎదురుగా ఉన్న అద్దంలోకి చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"అయ్యో! అంకుల్, మీసం! ఆయన మీసం చూడండి!"

పెద్దాయన చూశాడు. "ఆరి నీ ఇల్లు బంగారం గానూ! సగం పోయింది!"

నురగతో పాటు జారి, గార్డు మెడ కింది గుడ్డ మీద పడి ఉంది సగం మీసం. బల్లంతా లేచి నిలబడింది.

"కుడివైపుది పోయింది."

"అద్దంలో కుడి అంటే అసలు ఎడమండీ."

"ఏదైతే ఏముంది, పోయింది కదా! ఆయనకి చెబుదామా?"

"మీరు చెప్పండి. పెద్దవారు."

"ఆ తుపాకీ మనిషికి నేనెందుకు చెప్పాలయ్యా?"

"ఆదివారం తుపాకీ ఉండదు లెండి, చెప్పండి!"

మాటలు! మాటల మీద మాటలు! ఒకడి భుజం మీద ఒకడు చెయ్యేసి మరీ! ఉదయం తుమ్మితే ఫోన్ తుడుచుకున్న జాతేనా ఇది! నేను బొత్తాలన్నీ కింద పారబోసుకుంటూ అరిచాను. "గెలిచావు బాబాయ్! బల్ల గెలిచింది!"

అరిచాక ఆయన మొహం చూశాను. నా మాట ఆయనకి వినిపించనేలేదు. గుడ్డ మీది మీసాన్ని చూస్తున్నాడు. తర్వాత తన చేతిని చూసుకున్నాడు. చెయ్యి వణుకుతోంది. కంగారు వణుకు కాదది, అలవాటైన వణుకు. పక్కనే ఉండి ఇన్నాళ్లూ నేను చూడనే లేదు. నాకు ఏడుపొచ్చింది.

గార్డు లేచి కూర్చుని అద్దంలో చూసుకున్నాడు. మనవరాలు ఒక్క అంగలో వచ్చి ఆ కుర్చీ తన వైపు తిప్పుకుంది. "ఒక్క నిమిషం సార్" అంటూ మిగతా సగం కూడా తీసేసి, మొహం తుడిచి, మళ్లీ అద్దం వైపు తిప్పింది. గార్డు పై పెదవి తడుముకున్నాడు. అటు చూసుకున్నాడు, ఇటు చూసుకున్నాడు.

"ఇది మా అమ్మ మూతి!" అన్నాడు. ఆ పహిల్వాన్ గొంతు చంటిపిల్లాడిలా పలికింది.

"పదేళ్లు తగ్గిపోయారు సార్!" అన్నాడు బల్ల మీంచి ఒకడు.

"పోనీలే పెద్దాయనా, పెరుగుతుంది" అన్నాడు గార్డు బాబాయ్‌తో. "మా ఆవిడ గుర్తుపట్టి లోపలికి రానిస్తే చాలు." బల్లంతా ఘొల్లున నవ్వింది.

బాబాయ్ నవ్వలేదు. మనవరాల్ని పక్కకి పిలిచాడు. పక్కకంటే ఎక్కడికి, నా గోడ దగ్గరికే.

"నా చెయ్యి సంగతి నీకెప్పట్నుంచి తెలుసే?"

ఆ పిల్ల తల దించుకుంది. "చాన్నాళ్లయింది తాతా."

"నాకు చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? గాట్లు పడుతున్నాయి. నువ్వు చూసేలోపే గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పటిక రాస్తున్నా. తాతకి చెప్పకండి అని బతిమాలుకుంటున్నా. పాపం, ఎవరూ చెప్పలేదు. టైములు ఫోన్లో ఇస్తే గడ్డాలన్నీ నా కుర్చీకే మళ్లించొచ్చు కదా, నీకు తెలియకుండా జరిగిపోతుంది కదా అనుకున్నా. బల్ల మీద నాకేం కోపం తాతా?"

అమ్మ నా తల్లీ! మర్యాద మర్యాద అని మేమిద్దరం మురిసిపోయింది ఆ పటిక ముక్కని చూసా! కత్తి కోసం ఆశపడిందని నేను తిట్టుకున్నది ఈ పిల్లనా! వీధి వీధంతా నోరు మూసుకుని ఆ ముసలాయన పరువు కాపాడింది. ఫోన్లలోంచి తలెత్తని ఆ మూగమొహాలే! మీరు చెప్పండి, లోకం చెడిందా?

బాబాయ్ చేతిలోని కత్తి వైపు చూసుకున్నాడు.

"పందెం ఎవరు గెలిచారమ్మాయ్?" అని నన్ను అడిగాడు.

"నువ్వే బాబాయ్."

"బల్ల ఉంటుంది కదా?"

"ఉంటుంది తాతా" అంది మనవరాలు.

ఆయన కత్తి తుడిచి, మడిచి, ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "గెలిచి ఇస్తున్నానే. ఓడి కాదు. అది గుర్తుపెట్టుకో" అన్నాడు. అని, నడిచి వెళ్లి బల్ల దగ్గర నిలబడ్డాడు. తన కొట్టులో ఆయన ఎప్పుడూ కూర్చోని చోటది. ఇందాకటి కుర్రాడు చప్పున జరిగాడు.

"ఇలా కూర్చోండి తాతగారూ."

బాబాయ్ కూర్చున్నాడు. బల్లని అరచేత్తో ఒకసారి నిమిరాడు. గడ్డం తడుముకుంటూ అద్దంలో మనవరాలి వైపు చూశాడు.

"ఈ బాబు తర్వాత నేను. నాకూ గడ్డం మాసింది" అన్నాడు. వెంటనే కుర్రాడి వైపు తిరిగి, "చెవిలో ఆ గుళిక నొప్పెట్టదా నాయనా?" అని మొదలెట్టాడు. ఇక ఎవడాపుతాడు!

ఆయన వంతు వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. మనవరాలు తాత మొహానికి నురగ పూసి, మెల్లగా గీసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో కూడా. అయ్యాక చెయ్యి పట్టుకుని లేపి, గుమ్మం దాకా సాగనంపింది. పటిక అవసరం పడలేదు.