తెర చాటున వేదవల్లక్క

మొన్న మనవరాలి బడిలో వార్షికోత్సవం. నాటకం అయ్యాక పిల్లల ముఖాలకు కొబ్బరినూనె రాసి రంగు తుడుస్తున్నారు. నూనే పౌడరూ చెమటా కలిసిన ఆ వాసన తగలగానే అక్కడే నిలబడిపోయాను. ఏమైంది తాతా అని మనవరాలు అడిగితే మోకాలు పట్టేసిందన్నాను. నా మోకాళ్ళ మీద నేను వేసే నిందలన్నీ నిజం కావు.

ఆ వాసన నాకు వేదవల్లక్కది. ఏ నాటకం వేసినా చివర్లో మా ముఖాలు తనే తుడిచేది. మద్రాసు సభల్లో ఏళ్ళ తరబడి నాటకాలాడి, టీవీ వచ్చిన కొత్తలో అందులోనూ నటించిన మనిషి. గొంతుకు ఆపరేషనయ్యాక మాట గుసగుసగా మిగిలింది. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో చెల్లెలి ఇంటికి వచ్చేసి, ఆదివారాలు మాకు నాటకం నేర్పేది. మేమంటే మిల్లులో, మగ్గాల మీద పనిచేసే కుర్రకారు. రైలెక్కి మద్రాసు కాలేజీకి పోయే నేనొకణ్ణి. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రానివాళ్ళే ఎక్కువ కాబట్టి మాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకునేవాళ్ళం.

ఆవిడ నటన మాలో ఎవరూ చూడలేదు. పాత నాటకమొకటి టీవీలో మళ్ళీ వేసిన సాయంత్రం మా వీధిలో కరెంటు పోయింది. వచ్చేసరికి తెర మీద ఎరువుల గురించి చెబుతున్నారు. మధ్యలో అక్క వస్తుందేమోనని ఎరువులను కూడా చివరిదాకా చూశాం.

"ఒక్కసారి చేసి చూపించక్కా" అని కమల ప్రతి ఆదివారమూ వెంటపడేది. మిల్లులో పనిచేసే పిల్ల, మా అందరిలో బాగా నటించేది.

"నేను చేస్తే మీరు నన్ను చేస్తారు మే. ఇంగ ఆ ముసలామెను ఎవురు చేసేది?" అనేది అక్క.

ఆ ముసలామె మేము వేయబోయే నాటకంలోది. భర్త శవం పక్కన కూర్చుని, చుట్టాలు వచ్చేలోగా అతనితో ఆఖరి పోట్లాట పెట్టుకునే నేతగత్తె. ఆ వేషం కమలది. నా వేషం అక్క ముందే తేల్చేసింది.

"నీకు మాటలిస్తే జోకులేస్తావు. నువ్వు సచ్చినోడివి. పండుకో."

"ఎంతసేపక్కా?"

"నాటకమంతా."

"ఊపిరి?"

"జనానికి తెలీకుండా పీల్చుకో. సుమ్మా, ఊరికే పండుకుంటే చాలదురా, ఆ పిల్ల చెప్పేది విను. సచ్చినా వినాల."

బి.ఏ. చదువుతున్నవాడికి తగిన వేషమే.

తిరుత్తణిలో నేతగాళ్ళ వీధిలో పందిరి వేశారు. ముందు వరసలో కమల నాయన, కూతురు వేషం వేయడానికి ఈ ఒక్కసారికే అని ఒప్పుకున్న మనిషి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాటకం సగంలో కమల ఆగిపోయింది. మాట మరిచిపోయింది. పక్కనుంచి అక్క అందిస్తోంది గానీ ఆ గుసగుస పక్కనే శవమై మంచం మీదున్న నాకే వినబడలేదు.

"ఏమ్మా, నువ్వూ పోయినావా?" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. నవ్వులు. కమల నాయన లేచి నిలబడ్డాడు.

నా తల పక్క తెర వైపు తిరిగి ఉంది. కళ్ళు సన్నగా తెరిచాను. అక్క చేతిలో కాగితాలు కింద పెట్టేసింది. నేల మీద చతికిలబడింది. దవడ జారింది, భుజాలు ఒంగాయి, ముసలామె వచ్చి కూర్చుంది. శవం జుట్టు సర్దబోయిన చెయ్యి సగంలో ఆగింది. తర్వాత పెదవులు మాత్రమే కదిలిస్తూ నన్ను తిట్టింది. తిట్టి తిట్టి నవ్వింది.

కమల చూసింది. నా నుదుటి దాకా వచ్చిన ఆమె చెయ్యి అక్కడే ఆగింది. మాటలొచ్చాయి. అక్క నవ్విన చోట కమల నవ్వలేదు, ఏడ్చింది. కమల నాయన కూర్చున్నాడు. నా చెంప మీద జారినదాన్ని జనం చెమటే అనుకున్నారు. ఎండాకాలం ఆ మేలు చేసింది.

తిరుగు రైల్లో అక్క నా పక్కన కూర్చుంది.

"కండ్లు తెరిచినావు కదా?"

"ఒక రవ్వంతక్కా."

"చూసినావా?"

"చూసినా."

"ఎట్లుండె?"

మద్రాసులో దండలు వేయించుకున్న మనిషి, పరీక్ష రాసొచ్చిన పిల్లలా అడిగింది. ప్రతిదానికీ ఒక జోకు ఉండే నాకు ఒక్క మాట రాలేదు.

"సెరిలే, సచ్చినోడు ఏం చెప్తాడు" అని కిటికీ వైపు తిరిగింది. నవ్వుతోందని అద్దంలో కనబడింది.

ఆవిడ మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు. 1980ల చివర్లో పోయింది. ఇప్పటికీ నాటకానికి వెళ్తే ఓ పక్క చివరి కుర్చీ వెతుక్కుంటాను. "ఇక్కణ్ణుంచి సగమే కనబడుతుంది" అని మా ఆవిడ విసుక్కుంటుంది. చప్పట్లప్పుడు అందరూ వేదిక వైపు కొడతారు. నేను కొంచెం పక్కకు తిరిగి, తెర చాటుకు కొడతాను.