మైసూర్‌పాక్ డబ్బాలో పదహారు పిన్నులు

2012లో నేను అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపులో సోల్డరింగ్ పని చేసేదాన్ని. సోల్డరింగ్ అంటే సీసం కరిగించి పిన్నుల్నీ తీగల్నీ బోర్డుకి అతికించడం. వరంగల్‌లో మా ఆయన రేడియోలు బాగుచేసేవాడు. ఆయన పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. ఆయన పోయాక తమ్ముడు స్పాన్సర్ చేస్తే ఇక్కడికొచ్చాను. నాకు చదువు రెండో తరగతితో సరి. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. నా గొంతు మాత్రం పెద్దది. నాలుగు రేడియోలు ఒక్కసారి మోగే కొట్టులో అరిచి అరిచి అలా బండబారింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సునీత అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో ఇండియన్ స్టోర్ మైసూర్‌పాక్ డబ్బా. మూతకి కిటికీలా కోసి, అందులోంచి చిన్న డిస్‌ప్లే కనపడేలా పెట్టింది. లోపల మైక్రోకంట్రోలర్ బోర్డు. అంటే ఇంట్లో సరదాకి సామాన్లు చేసుకునేవాళ్ళు కొనే అరచేతంత బోర్డు. మనం రాసిన ప్రోగ్రామ్ ఒక్కటే అది నడుపుతుంది.

"నాన్నకి వినపడదు ఆంటీ. పోయిన వారం మా పాప స్కూల్ బస్ దిగి బెల్ కొడితే ఈయనకి తెలీలేదు. అరగంట వానలో నిలబడింది. అప్పట్నుంచీ టికెట్ మార్చెయ్, ఇండియా వెళ్ళిపోతానంటున్నారు. బెల్ కొడితే దీని మీద అక్షరాలొచ్చేలా చేశాను. లైటే వెలుగుతోంది, అక్షరాలు రావట్లేదు. ఇవాళ కూడా పనిచెయ్యకపోతే రేపు టికెట్ మార్చేస్తానని మాటిచ్చా."

"కోడ్ చూసుకున్నవా బిడ్డా?"

"పదిహేడుసార్లు తిరగరాశాను."

ఆ పెద్దాయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడట. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని చెవులు పోయాయి. చెవి మిషన్ పెడితే గుయ్యిమంటోందని తీసేస్తాడు. ఆయన డబ్బా మీద బొటనవేలు ఆనించి ఏదో చెప్పబోయాడు. "నాన్నా, ఉండు, ఆంటీని చూడనీ" అని సునీత ఆయన చెయ్యి తీసేసింది. నేను కూడా ఆయన వంక చూడలేదు.

లైటు వెలిగి అక్షరం రాకపోతే ముందు కాంట్రాస్ట్ స్క్రూ తిప్పాలి. అక్షరం ఎంత నల్లగా కనపడాలో ఆ స్క్రూ చెబుతుంది. అలాంటి కేసులు చాలా వరకు దాంతోనే తీరిపోతాయి. గొప్పగా స్క్రూడ్రైవర్ పెట్టి ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఏమీ రాలేదు. ఇంకో డిస్‌ప్లే పెట్టి చూద్దామంటే షాపులో ఆ సైజుది లేదు. సునీత ఫోన్ తీసి ఎయిర్‌లైన్స్ పేజీ తెరిచింది.

పెద్దాయన మళ్ళీ చెయ్యి చాపాడు. ఈసారి విసుగొచ్చి, షాపులో తగ్గించుకునే నా అసలు గొంతుతో అడిగాను. "ఏందన్నా, ఏం జెప్తున్నవ్?"

ఆయన మొహం వెలిగిపోయింది. "అమ్మాయ్, ఈవిడ మాట్లాడితే వినపడుతోందే. మీరంతా గొణుగుతున్నారు, నా చెవులదేం తప్పు లేదు."

"నాన్నా, ఆంటీ అరుస్తున్నారు."

"అరవడం కాదే, మాట్లాడటం." అని నావైపు తిరిగాడు. "చూడు చెల్లెమ్మా, మూడు రోజుల్నించి చెబుతున్నా. ఇక్కడ ఎడమ మూల నొక్కితే వస్తాయి, వదిలితే పోతాయి. పాత బస్సుల్లో మీటరు ఇలాగే చేసేది."

నొక్కాడు. డబ్బాకి తీగతో తగిలించి ఉన్న బెల్ స్విచ్ నేను వేశాను. 'పాప వచ్చింది' అని తెలుగులో పడింది. ఆ డిస్‌ప్లేకి తెలుగు రాదు. చుక్క చుక్క పెట్టి అక్షరాలు సునీతే గీసిందట. నేను కూడబలుక్కుని చదివేలోపు ఆయన వేలు తీశాడు, అక్షరాలు మాయమయ్యాయి.

డబ్బా విప్పి డిస్‌ప్లే వెనక్కి తిప్పాను. పదహారు కన్నాలు, పదహారు పిన్నులు. ఒక్కదానికీ సీసం చుక్క లేదు. కన్నాల్లోకి దూర్చి వదిలేసింది.

"అతికించలేదేం బిడ్డా?"

"టైట్‌గానే పట్టింది కదా ఆంటీ. ప్లగ్‌లాగా సరిపోతుందనుకున్నా."

ఈ తప్పు కోడ్ రాసేవాళ్ళే చేస్తారు. తప్పు ఉంటే రాతలోనే ఉండాలనుకుని చేతిపనిని లెక్కచెయ్యరు. మిగతా పిన్నులు ఎలాగో అంటుకుని ఉన్నాయి. కాంట్రాస్ట్‌కి వెళ్ళే మూడో పిన్ను మాత్రం వదులు. అక్షరాలు మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయి, కంటికి కనపడటం లేదంతే. నా స్క్రూ ఎందుకు పనిచెయ్యలేదో అప్పుడు తెలిసింది.

పదహారూ అతికించాను. పది నిమిషాల పని. పెద్దాయన డబ్బా తీసుకుని గతుకుల రోడ్డు మీద బస్సులాగా అటూ ఇటూ ఊపాడు. సునీత బెల్ స్విచ్ వేసింది. అక్షరాలు పడ్డాయి, కదలలేదు. ఇంకోసారి వెయ్యమన్నాడు. ఆమె ఏడుసార్లు వేసింది, ఏడుసార్లూ పైకి చదివాడు. షాపులో ఉన్న అమెరికావాళ్ళు కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

"మరి టికెట్, నాన్నా?" సునీత గట్టిగా అడిగింది.

"టికెట్ ఏమిటే? మూడున్నరకి పాప బస్సొస్తుంది, కారు తియ్యి" అని ఆయన ముందే బయల్దేరాడు.

ఆ తర్వాత ఎవరేం తెచ్చినా నేను వెంటనే స్క్రూడ్రైవర్ పట్టలేదు. ఈ సామాను పక్కన రోజంతా కూర్చునేది ఎవరని అడిగేదాన్ని. వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పేది అయిపోయేదాకా నా పెద్ద గొంతు మూసుకునేదాన్ని.