పేజీల మధ్య కప్పులు

మా ముత్తాత సంస్థానంలో దివాను. తాత చిత్తూరు కోర్టులో పేరున్న వకీలు. నాయన దాకా మిగిలింది తిరుపతిలో ఒక ఇల్లు, పన్నెండు వెండి గ్లాసులు, బీరువా నిండా పాత నవలలు.

నాయనకు చూపు తగ్గాక, వాటిని చదివి వినిపించడానికి రిటైరైన తెలుగు మాస్టరు ఒకాయన రోజూ సాయంత్రం వచ్చేవాడు. ఆయనది హరిజనవాడ. మాకు కాఫీ వెండి గ్లాసుల్లో, ఆయనకు పేపరు కప్పులో. తాగినాక ఆ కప్పును కడిగి, తుడిచి, అరచేత్తో అణిచి, చదవడం ఆపిన పేజీలో గుర్తుగా పెట్టేవాడు. మర్యాద తెలిసిన మనిషి అనుకునేవాణ్ణి.

ఒకరోజు నవలలో, అంటరానివాడని ఒకడికి దాహానికి నీళ్లు పోయని ఘట్టం వచ్చింది. నాయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఎంత పాపిష్టి కాలమప్పా అది" అన్నాడు.

మాస్టరు పుస్తకం మూశాడు. "అయ్యా, ఈ పొద్దు కాఫీ నాకూ వెండి గ్లాసులో ఇప్పిస్తారా?"

నాయన నా వైపు చూశాడు. నేను లేవలేదు.

"కథను కథ మాదిరి సదవాల అయ్యోరూ" అన్నాడు నాయన. "ఇంట్లోకి తెచ్చుకుంటే ఎట్ల?"

"తెలవక కాదు సామీ. మీ నోట విందామని అడిగినాను."

నిన్నటి కప్పును ఆ పేజీలోనే గుర్తుగా పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. మేము ఒకరి గడపకు పోయి పిలిచే వంశం కాదు. ఆ నవల ముగింపు వినకుండానే నాయన పోయాడు.

వెండి గ్లాసులు ముందే అమ్మేశాము. నవలలను మొన్న పాత పేపర్లవాడికి తూకానికి అమ్మాను, పేజీల మధ్య కప్పులతో సహా.