గుగ్గిళ్లా, బిడ్డా?

అప్పుడు నాకు ఆరో నెల. ఉప్పల్‌లో ఒంటిగది అద్దె ఇల్లు. రక్తంలో చక్కెర ఎక్కువైందని హబ్సిగూడ డాక్టరమ్మ అన్నం తగ్గించమంది. బిడ్డతో పాటు పెరిగే మాయలోంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగ్గా పని చేయనివ్వవట. అన్నమేమో ఇట్టే చక్కెరైపోతుందట. "గుడ్లు తిను, శనగలు తిను. మెల్లగా పెంచుకుంటూ పో, పేగులకు అలవాటు కావాలి" అంది.

మెల్లగా అన్న మాట మా అత్తమ్మ చెవికెక్కితే కదా! మర్నాటి నుంచే పొద్దున గుగ్గిళ్లు, సాయంత్రం గుగ్గిళ్లు, నేను పనిచేసే నాచారం మందుల కంపెనీకి డబ్బాలోనూ గుగ్గిళ్లే. శనగల్లో అరగకుండా మిగిలిన పిండి పెద్దపేగులోకి పోయి, అక్కడ పులిసి గ్యాస్ అవుతుంది. మాత్రల ప్యాకింగ్ టేబుల్ దగ్గర నా పొట్ట గుడగుడమంటుంటే పక్కవాళ్లు ముసిముసిగా నవ్వేవారు. ఒళ్లు మండిపోయేది.

నవ్వితే నవ్వనీ, నా బాధ అది కాదు. లోపల ఏదో కదిలేది. అది బిడ్డో, గ్యాసో తెలిసి చచ్చేది కాదు. మొదటి కడుపు నాలుగో నెలలోనే పోయింది. ఈసారి కూడా అలాగే అవుతుందేమోనని ఒక్క నిమిషం నిలకడగా కూర్చోలేకపోయేదాన్ని.

చివరికి ఆగలేక ఒకరోజు గుగ్గిళ్లు మానేసి, మెత్తగా వండిన అన్నం, చారు తిన్నాను. మర్నాటికి గుడగుడ ఆగింది. ఆ కదలికా ఆగిపోయింది! ఆరోజే తెలంగాణ బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. దవాఖానాకు ఎలా పోవాలి? ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ అత్తమ్మ మీద అరిచాను.

"అంతా నీ గుగ్గిళ్లతోనే అయింది!"

"జర ఒక్కకాడ పండు బిడ్డా. గిట్ల తిరుగుతుంటే లోపల కదిలినా నీకేం తెలుస్తది?"

నన్ను పట్టుకుని పక్కకు తిప్పి పడుకోబెట్టింది. పొట్ట మీద చెయ్యేసి కూర్చుంది. ఎంతసేపటికీ ఏమీ లేదు. లేద్దామనుకునేసరికి ఆమె చెయ్యి ఎగిరింది. మళ్లీ ఒకసారి, అక్కడే, గట్టిగా. గ్యాస్ అలా తన్నదు.

నేను బోరున ఏడ్చేశాను. అత్తమ్మ చెయ్యి తీయలేదు. ఇన్నాళ్లలో ఎన్నడూ ఎత్తని మాట ఎత్తింది.

"మొదటిది గూడ గిట్లనే తన్నెడిదా, బిడ్డా?"

"లేదత్తమ్మా. తన్నేదాంక ఉండనే లేదు."