రిమోట్ బ్యాటరీల దొంగ

“మా చిన్నప్పుడు... రిమోట్‌లో బ్యాటరీలు తీసి మా మేనత్త తన రేడియోలో వేసుకునేది” అని నిన్న మా అమ్మాయి బుజ్జి ఈ గ్రూపులో రాసింది. అందరూ తెగ నవ్వుకున్నారు. నవ్వింది చాలు... అది తప్పు.

బుజ్జీ, నువ్వు సగం కథకే సాక్షివి. మిగతా సగం జరిగేసరికి వేసవి సెలవులని రాజోలులో మా అమ్మగారింట మామిడిపళ్లు తింటున్నావు.

అమలాపురంలో మన ఇంటికి కలర్ టీవీ వచ్చిన కొత్త... మీ తాతగారికి రిమోట్ అంటే దేవతార్చన పెట్టెతో సమానం. దుమ్ము పడకూడదని ప్లాస్టిక్ కవరులో పెట్టి, పాత సైకిలు ట్యూబు కోసి తీసిన రబ్బరు పట్టీ బిగించేవారు. వార్తలకు విప్పడం, అవగానే టీవీ ఆపేసి మళ్లీ బిగించడం.

అంత భద్రం చేసినా కొత్త బ్యాటరీలు వారం తిరక్కుండానే చచ్చిపోయేవి. వడియాల పక్కన ఎండబెట్టారు... పంటితో నొక్కి చూశారు... కొట్టు మార్చారు. చివరికి ఆయన చూపు మీ అత్త సత్యవేణి రేడియో మీద పడింది. రెండింటికీ అవే పెన్ బ్యాటరీలు మరి.

“ఏమ్మా, నీ రేడియో మాత్రం నిక్షేపంలా మోగుతుందే!”

“ఇవి నేను కొనుక్కున్నవండి నాన్నగారూ.”

“ఆయ్... అలాగే అనుకుందాం.”

ఆ ‘అనుకుందాం’ దగ్గర సత్యవేణి మొహం చిన్నబోయింది. రేడియో తీసుకెళ్లి బీరువా మీద పెట్టేసింది. మధ్యాహ్నం పాటలు లేక ఇల్లు బోసిపోయింది. రిమోట్‌లో బ్యాటరీలు మాత్రం అయిపోతూనే ఉన్నాయి... ఆయన అనుమానమూ అలాగే ఉంది.

ఒకనాటి సాయంత్రం వార్తలు అవకుండానే వీధిలోంచి ఎవరో పిలిచారు. మీ తాతగారు హడావిడిలో టీవీ ఆపకుండానే రిమోట్‌కు పట్టీ బిగించారు. అంతే, టీవీ గొంతు పెరగడం మొదలెట్టింది... తెర మీద పచ్చగీతలు చివరిదాకా పాకాయి. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. పట్టీ విప్పితే ఆగింది. సౌండు తగ్గించి మళ్లీ బిగిస్తే మళ్లీ అరుపు. అంటే దాచినంతసేపూ ఆ పట్టీయే బొత్తాన్ని నొక్కిపట్టి బ్యాటరీలు తాగేస్తోందన్నమాట!

మీ నాయనమ్మ వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా అన్నారు: “దొంగ దొరికేడండి. సైకిలు దిగి వచ్చేడు.”

మీ తాతగారు తప్పయిందనే రకం కాదు. మర్నాడు మధ్యాహ్నం రేడియో తనే దించి, కొత్త బ్యాటరీలు వేసి, కూతురి ముందు పెట్టి, “పాటల వేళయిందమ్మా” అన్నారు. సత్యవేణి కళ్లు తుడుచుకుని సౌండు పెంచింది.

ఇప్పుడు ఇంటికి నాలుగు రిమోట్లు... బ్యాటరీలు అయిపోతే ఎవరూ ఎవరినీ అనుమానించరు. అనుమానించేటంత దగ్గరగా ఎవరూ కూర్చోరు మరి. మీ ఇళ్లలో రిమోట్ పెత్తనం ఎవరిదో, నింద ఎవరి మీద పడేదో రాయండి... నిజం కనుక్కుని మరీ రాయండి.

బుజ్జీ, ముందు ఆ రాసింది దిద్దు. ఆదివారం కొత్తపేట వెళ్లి మీ అత్తకు రెండు పెన్ బ్యాటరీలు ఇచ్చిరా. ఆవిడ రిమోట్ మొరాయిస్తోందట. వేసేముందు దానికి చుట్టిన రబ్బరు బ్యాండు తీసి పారెయ్... తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది!