బ్యారేజి మీద కాల్పులు

పాప ఇప్పుడు పక్కగదిలో అత్తయ్య దగ్గర పడుకుంది. నేను ఈ గదిలో టేబుల్ లైటు వేసుకుని రాసుకుంటున్నాను. మధ్యలో ఒక గోడ ఉంది. చదివేవాళ్ళకి ఇందులో విశేషమేమీ కనిపించదు. నాకు మాత్రం ఆ గోడ వంక చూసినప్పుడల్లా దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది. మా అత్తయ్యకి, నా స్నేహితురాళ్ళిద్దరికి, తుపాకులతో కాల్చుకునే ఒక కంప్యూటర్ ఆటకి.

పాప పుట్టిన దగ్గర్నుంచి నాకొక భయం పట్టుకుంది, నిద్రలో దాని ఊపిరి ఆగిపోతుందేమోనని. ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. వెచ్చగా తగిలేది. వేలు తీసిన మరుక్షణం, తగిలింది ఊపిరేనా, ఫ్యాను గాలా అని అనుమానం. ఫ్యాను ఆపి మళ్ళీ చూసేదాన్ని. భవానీపురంలో మే నెలలో ఫ్యాను ఆపితే ఏ పసిబిడ్డ ఊరుకుంటుంది? కేరుమని లేచేది. ఏడుస్తోందంటే ఊపిరి ఉన్నట్టేగా అని నాకు స్థిమితంగా ఉండేది. దాన్ని మళ్ళీ నిద్రపుచ్చడానికి నానా తంటాలు పడేదాన్ని. కళ్ళు మూసిందో లేదో, మళ్ళీ వేలు.

స్నానానికి వెళ్తే తలుపు వేసుకునేదాన్ని కాదు. ఉయ్యాల పక్కన అత్తయ్య కూర్చునే ఉండేవారు. అయినా ఒంటి మీద సబ్బుతోనే తొంగిచూసేదాన్ని. ఒకరోజు ఆవిడ ఉండబట్టలేక అన్నారు.

"అమ్మాయ్, నీ మొగుణ్ణి కూడా నేనే పెంచాను. వాడు బతికే ఉన్నాడు. నువ్వు తలుపేసుకుని నీళ్ళు పోసుకో."

నవ్వుతూనే అన్నారు గానీ ఆ నవ్వు పూర్తిగా రాలేదు. ఆవిడని నమ్మకపోవడం కాదు నాది. నన్ను నేనే నమ్మలేకపోయేదాన్ని. కానీ అది ఆవిడకి ఎలా చెప్పాలి?

పాపకి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ దాన్ని చూసి, బంగారంలా ఉంది అన్నారు. నన్ను చూసి మాత్రం కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. తర్వాత, "రోజూ కాసేపు పాపని ఇంట్లోవాళ్ళకి అప్పగించి మీకు నచ్చిన పనేదైనా చెయ్యండమ్మా. అప్పటికీ భయం తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా నా దగ్గరికి రండి" అన్నారు.

అసలు చిక్కంతా ఆ అప్పగించడంలోనే ఉంది. బెంజి సర్కిల్ దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నాది టెస్టింగ్ ఉద్యోగం. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి పెట్టడం. అనుమానాల మనిషికి అంతకన్నా తగిన పని ఉండదు, ఇష్టంగానే చేసేదాన్ని. ప్రసవం సెలవు అయిపోవస్తోంది. స్నానాల గదికే వెళ్ళలేనిదాన్ని బెంజి సర్కిల్‌కి ఎలా వెళ్తాను? మానేస్తానని మా ఆయనతో చెప్పాను. ఆయన వాదించలేదు. బీరువా పైనుంచి నా పాత లాప్‌టాప్ దించి, దుమ్ము తుడిచి టేబుల్ మీద పెట్టారు.

"మీ ఉయ్యూరు నాకు మెసేజ్ పెట్టింది. నువ్వు ఫోనెత్తట్లేదంట. మధ్యాహ్నం పాప పడుకున్నాక ఒక్క ఆట ఆడమంది. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాంలే."

ఉయ్యూరు అంటే ఊరు కాదు, మనిషి. ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో మేం ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఊళ్ళ పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. నేను కంకిపాడు. చెరకు రైతుల పిల్ల ఉయ్యూరు. చేపల వ్యాపారం చేసుకునేవాళ్ళ పిల్ల బందరు. ముగ్గురికీ కలిపి ఒకటే పిచ్చి, ఈ ఆట.

అంతరిక్షంలో యుద్ధాల సినిమాల వరస ఒకటి ఉంది. చిన్నప్పుడు మా నాన్న కేబుల్ టీవీలో ఆ సినిమాలు తెలుగులో చూస్తుంటే నేనూ పక్కన కూర్చునేదాన్ని. వేరే గ్రహం రాజు కూడా మనలాగే "ఏమిరా" అనేవాడు. వాటి ఆధారంగా చేసిందే ఈ ఆట. సినిమాల్లో హీరోల వెనక పేరూ మొహమూ లేకుండా పరిగెత్తి, ఒక్క గుండుకే కింద పడిపోయే సైనికులుంటారే, ఆటలో మనం వాళ్ళం. ఎక్కడెక్కడివాళ్ళో ఇంటర్నెట్‌లో కలిసి, ముగ్గురేసి జట్లుగా ఆడతారు. ఎదుటి జట్లన్నిటినీ పడగొట్టి కోట పట్టుకోవాలి. పడిపోయినవాళ్ళని సొంత జట్టువాళ్ళు వచ్చి లేపొచ్చు.

ఆ గ్రహం మీద చోట్లకి ఉన్న ఇంగ్లీషు పేర్లు హడావుడిలో మాకు నోరు తిరిగేవి కావు. అందుకని మన పేర్లు పెట్టుకున్నాం. వరసగా గేట్లతో పొడుగ్గా ఉండే గోడ, మన ఊళ్ళో కృష్ణ మీదున్న బ్యారేజిలా ఉందని, మా బ్యారేజి. ఓడలు దిగే చోటు బస్టాండు. ఎర్రమట్టి గుట్ట కొండ.

మాకొక నియమం ఉండేది. ఒకళ్ళు ముందుకి వెళ్తుంటే, వెనక కాపలా కాసేవాళ్ళు "చూస్తున్నా" అనాలి. ఆ మాట అన్నాక ఏం జరిగినా అక్కణ్ణుంచి కదలకూడదు. ఆ మాట విన్నవాళ్ళు వెనక్కి తిరగకూడదు. తిరిగినంతసేపూ ఎదురుగా ఎవరూ చూడరు కదా, కాపలా ఉన్నవాళ్ళకీ ముప్పే. "తిరిగితే ఇద్దరం పోతాం" అని ఉయ్యూరు మమ్మల్ని రోజూ తిట్టేది.

మొదటిరోజు మధ్యాహ్నం ఉయ్యాల పక్కకి టేబుల్ జరుపుకుని కూర్చున్నాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పాప ఊపిరి వినపడదని స్పీకర్ పెట్టుకున్నాను. ఎంతకాలమైందో వాళ్ళ గొంతులు విని.

"కంకిపాడూ! బతికే ఉన్నావటే?" అంది బందరు.

"బిడ్డ తల్లిని పట్టుకుని అవేం మాటలే? ముందు తుపాకీ తీసుకోవే తల్లీ, తర్వాత ఏడుద్దాం" అంది ఉయ్యూరు.

ఆట మొదలైంది. నేను ముందుకి, ఉయ్యూరు నా వెనక. "చూస్తున్నా, పో" అంది. నేను నాలుగు అడుగులు వేశానో లేదో తల తిప్పి ఉయ్యాల వంక చూశాను. పాప గుండె లేస్తోంది, పడుతోంది. ఇటు తిరిగేసరికి తెర ఎర్రగా అయిపోయింది. నేను పోయాను, నా వెనకే ఉయ్యూరు కూడా పోయింది. రెండో ఆటా అంతే. మూడోదీ అంతే.

"ఎటు చూస్తున్నావే? నీ వెనక నేనున్నాగా!"

"ఉయ్యాల్లో పాప ఉంది" అన్నాను.

ఉయ్యూరు మెల్లగా, "సరే, చూసుకో. నువ్వు చూసినప్పుడల్లా మేం ఆగుతాం" అంది. తుపాకుల ఆటలో ఎవరైనా ఆగుతారా? వాళ్ళు ఆగారు. ఓడిపోతూ ఆగారు. రోజూ మధ్యాహ్నం అదే వరస. నేను పాప వంక చూడడం, వాళ్ళు చచ్చిపోవడం, మళ్ళీ నన్నే పిలవడం. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. అయినా భోజనం వేళ నాకోసమే లాగిన్ అయ్యేవాళ్ళని తర్వాత తెలిసింది.

ఆ రోజు కూడా అలాగే మొదలైంది. మా ఆయనది వన్‌టౌన్‌లో చీరల కొట్టు. నేతవాళ్ళ దగ్గర సరుకు తీసుకురావడానికి ఆ పూట స్కూటర్ మీద మంగళగిరి వెళ్ళారు. అత్తయ్య వంటింట్లో ఉన్నారు. నేను స్నేహితురాళ్ళతో ఫోన్లో మాట్లాడుకుంటున్నాననే ఆవిడ అనుకునేవారు. ఆట అని నేనెప్పుడూ చెప్పలేదు. బాలింత తుపాకీ పట్టుకుందంటే ఏమంటారోనని.

వంటింట్లోకి వినిపించింది ఇది.

"బ్యారేజి మీద నలుగురున్నారే! అందరి దగ్గరా తుపాకులున్నాయి!"

"బస్టాండు వైపు రాకండి, అక్కడా కాలుస్తున్నారు!"

"అయ్యో, ఉయ్యూరు పోయింది!"

"ఎప్పుడు?"

"ఇప్పుడే! బందరు కూడా పోయేట్టుంది!"

కృష్ణా జిల్లాలో సగం అలా క్షణాల్లో పోతుంటే ఏ తల్లికైనా మొదట ఏం గుర్తొస్తుంది? మంగళగిరి నుంచి బ్యారేజి మీదుగా వచ్చే కొడుకు. ఆవిడ ఫోన్ తీసి, "ఒరేయ్, బ్యారేజి ఎక్కకు! కాల్పులు జరుగుతున్నాయి. నీ పెళ్ళానికి ఫ్రెండ్స్ ఫోన్ చేసి చెప్తున్నారు. హైవే వారధి మీంచి చుట్టూ తిరిగి రా!" అని చెప్పారు. చెప్పి, చెయ్యి తుడుచుకుంటూ నా గదిలోకి వచ్చారు. నేను తెరకి అడ్డంగా వంగి, ఆటలో మునిగి ఉన్నాను. ఉయ్యాల్లోంచి పాపని తీసుకుని, "పాపని నేను చూస్తున్నా, నువ్వు మాట్లాడు" అన్నారు.

నేను తిరగలేదు.

ఎందుకు తిరగలేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. వెనకనుంచి "చూస్తున్నా" అని వినపడింది. ఏళ్ళ తరబడి ఆ మాట వినపడితే ముందుకే చూడడం నాకు అలవాటు. మనసు వినేలోపల మెడ వినేసినట్టుంది. ముందుకి పరిగెత్తాను, బందరుని లేపాను, ఉయ్యూరుని లేపాను, బ్యారేజి గేటు దాటి కోట పట్టుకున్నాం. గెలిచాం. స్పీకర్లో ఇద్దరూ కేకలు. "కంకిపాడూ, ఒక్కసారి కూడా తిరగలేదే నువ్వు!" అని బందరు అరిచింది.

అప్పుడు తిరిగాను. ఉయ్యాల ఖాళీగా ఉంది.

నా కాళ్ళు ఎలా లేచాయో, ఏ గది ముందు చూశానో చెప్పలేను. పాప అత్తయ్య ఒళ్ళో ఉంది. ఇంటి మధ్యలో కిటికీ లేని చిన్నగది ఒకటి ఉంది మాకు, కొట్టుకి పంపాల్సిన చీరల మూటలు అక్కడ పెట్టుకుంటాం. చుట్టూ మూటలు గోడలా పేర్చుకుని, మధ్యలో గుమ్మానికి అడ్డంగా వీపు పెట్టి కూర్చుని ఉన్నారు అత్తయ్య. పాప నోరు కొంచెం తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.

"ఇక్కడికి గుండ్లు రావులే అమ్మాయ్. నువ్వూ లోపలికి రా, తలుపెయ్యి" అన్నారు ఆవిడ గుసగుసగా.

నేను వెళ్ళి మూటల మధ్య ఆవిడ పక్కన కూలబడ్డాను. ఏడుస్తూ నవ్వుతూ మొత్తం చెప్పాను. అది ఆట అని, అది ఇంకో గ్రహం అని, ఉయ్యూరు ఊరు కాదని. ఆవిడ మొట్టమొదట అన్న మాట, "అయితే వాణ్ణి అనవసరంగా వారధి మీంచి తిప్పానా?"

ఆయన ఎప్పటికో ఇంటికొచ్చారు, చెమటలు కక్కుకుంటూ. దారిలో టీ బంకు దగ్గర కనిపించిన తోటి కొట్లవాళ్ళకి కూడా చెప్పారట, వాళ్ళూ వారధి మీదుగానే వచ్చారట. చాలారోజులు వన్‌టౌన్‌లో ఆయన కనిపిస్తే చాలు, "ఏమండీ, ఇవాళ బ్యారేజి ఖాళీయేనా? మీ అమ్మగారిని కనుక్కుని చెప్పండి" అనేవాళ్ళు.

కానీ నాకు ఆ రాత్రంతా ఒకటే ఆలోచన. ఒక ఆట మొత్తం, నా వేలు ముక్కు కింద లేకుండా, నా కళ్ళు దాని మీద లేకుండా పాప ఊపిరి పీల్చుకుంది. నేను చూడకపోయినా పీల్చుకుంది. ఎందుకంటే దాన్ని చూసేవాళ్ళు ఉన్నారు. శత్రువులు బ్యారేజి దాకా వచ్చేశారని నమ్మినప్పుడు కూడా, దాన్ని ఒళ్ళో పెట్టుకుని తను గుమ్మం వైపు కూర్చునే మనిషి ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య పాపని ఎత్తుకుని కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఏదీ, ఆ బ్యారేజి చూపించు."

చూపించాను.

"ఇదేం బ్యారేజే? నీళ్ళేవీ?" అని, తెర వైపు వంగి, "ఏమ్మా, భోంచేశారా ఇద్దరూ?" అని గట్టిగా అడిగారు.

అప్పుడే బందరు మీద నాలుగువైపులా కాలుస్తున్నారు. "చేశామండీ అత్తయ్యగారూ, చేపల పులుసు! మీరు చేశారా?" అంటూనే పడిపోయింది పాపం.

తుపాకుల మోతకి పాప కదలను కూడా కదల్లేదు. అత్తయ్య పుట్టింటివాళ్ళది పెడనలో నేతపని. మగ్గాల చప్పుడులోనే పిల్లలందరం పడుకునేవాళ్ళమని, మగ్గం ఆగితేనే లేచి ఏడ్చేవాళ్ళమని చెప్పారు. నిజంగానే ఆట అయిపోయి గది నిశ్శబ్దం కాగానే పాప లేచింది. అత్తయ్య నా వంక చూసి, "మళ్ళీ పెట్టు" అన్నారు.

అలా రోజులు గడిచాయి. భయం ఒక్కసారిగా పోలేదు. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఆవిడ చెప్పినవీ చేశాను. కానీ మధ్యాహ్నం పూట అత్తయ్య పాపని ఎత్తుకుని ముందు నా పక్క కుర్చీలో ఉయ్యూరు తిట్లు వింటూనూ, తర్వాత గుమ్మం దగ్గరా, ఆ తర్వాత వీధి అరుగు మీదా కూర్చునేవారు. ప్రతిసారీ "చూస్తున్నా" అని ఆ ఒక్క మాట చెప్పి వెళ్ళేవారు. ఆ మాట ఎందుకు చెప్తున్నారో ఆవిడకి పూర్తిగా తెలుసని నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆఫీసుకి మళ్ళీ వెళ్ళిన మొదటిరోజు పొద్దున్న పాపకి పాలిచ్చి, చీర సర్దుకుని, గేటు దగ్గర నిలబడిపోయాను. అత్తయ్య పాపని భుజాన వేసుకుని గుమ్మంలో ఉన్నారు.

"వెళ్ళిరా. చూస్తున్నా" అన్నారు.

నడిచాను. ఇస్త్రీ బండి దాటాను. వీధి చివర ఆటో కనిపిస్తోంది. అక్కడ ఇంక నావల్ల కాలేదు, వెనక్కి తిరిగాను.

అత్తయ్య గుమ్మంలో లేరు. గేటు దాకా వచ్చి నిలబడి ఉన్నారు, పాప చెయ్యి పట్టుకుని ఊపుతూ. నేను తిరగడం చూసి వీధంతా వినపడేలా అరిచారు.

"తిరిగితే ఇద్దరం పోతాం! నడువ్!"

ఇస్త్రీ చేసే ఆయన పెట్టె పైకెత్తి అలాగే ఉండిపోయాడు. ఎదురింటావిడ బాల్కనీలోకి పరిగెత్తుకొచ్చింది, ఎవరు పోతారోనని. నేను నవ్వు ఆపుకోలేక, కళ్ళు తుడుచుకుంటూ ఆటో ఎక్కాను. బెంజి సర్కిల్ వచ్చేదాకా ఎదురుగా రోడ్డే చూశాను.