కొవ్వొత్తి పట్టుకున్న పిల్లవాడు

ప్రేమ ఆ సాయంత్రంలోగా ఒక్క మాట చెప్పాలి. కోలారులో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా వస్తుందా, రాదా? వస్తే అక్కడే ఉండిపోవాలి. నలభైకి దగ్గరపడ్డ మనిషి, గని కూలీల లైన్లలోని ఈ ఒంటిగది ఇల్లు దాటి నిద్రపోయింది పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమే. వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటోంది.

తండ్రి ఎల్లప్పతో అనడానికి మాత్రం పొద్దుటి నుంచీ నోరు పెగలడం లేదు. గని మూతపడి ఇరవై ఏళ్లు దాటినా, రాతిదుమ్ము ఇంకా ఆయన ఊపిరితిత్తుల్లోనే కాపురముంది. తమ్ముడు చంద్రు ఉన్నాడు, మహానుభావుడు! బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "నువ్వుండావు కదక్కా" అని చేతులు దులుపుకుంటాడు.

గోడ మీద పటం కనబడింది. పక్కింటి టీచరమ్మ ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిపోయింది. ఎప్పటిదో దొరల దేశపు పాత బొమ్మకు అచ్చు. చుట్టూ చీకటి. ముసలి వడ్రంగి జోసెఫ్ వంగి దూలానికి బెజ్జం వేస్తున్నాడు. ఎదురుగా కొడుకు బాలయేసు కొవ్వొత్తి పట్టుకున్నాడు. ఎల్లప్ప ఇది వడ్రంగి కొట్టం అని ఒప్పుకుంటేనా! అంత చీకటి గనిలో తప్ప ఇంకెక్కడా ఉండదని ఆయన వాదన.

అక్కణ్ణుంచే మాట కలపాలని ప్రేమ పటంలోని జోసెఫ్‌ను చూపించింది.

"ఆయప్ప కొడుకును ఎంత ముద్దుగా చూస్తా ఉండాడో, చూడు నాయనా."

"కొడుకును యాడ చూస్తా ఉండాడమ్మా? మంటను చూస్తా ఉండాడు. గని లోపల గాలి చెడితే మంట వాలిపోతాది. మేమూ అంతే, దాని మీద నుంచి కన్ను తీస్తా ఉన్లేదు."

ప్రేమ పరకాయించి చూసింది. నిజమే. మంట వేడికి పిల్లవాడి వేళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మరి ఆ పిల్లోణ్ణి ఎవురు చూస్తారు?"

"వానికేమి? కదలకుండా నిలబడినాడు. మంచి బిడ్డ, నీ మాదిరి."

అంతలో ఆయనకు దగ్గు తెర ముంచుకొచ్చింది. ప్రేమ గబగబా మందు ఆవిరి మిషన్ వేసి, మాస్కు ముఖానికి ఆనించి పట్టుకుంది. పట్టీ కట్టుకుంటే ఆయనకు ఊపిరాడదు, ఎప్పుడూ ఆమె చెయ్యే ఉండాలి.

మంచం మీద ఫోన్ మోగింది. హాస్టల్ వాళ్లు. ఆమె చెయ్యి కాస్త సడలగానే ఎల్లప్ప ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"నాయనా, ఒక్కసారి నన్ను చూడు."

మిషన్ రొదలో ఆయనకు వినబడలేదు. ఆయన కళ్లు మాస్కులోంచి వచ్చే తెల్లని ఆవిరి మీదే ఉన్నాయి. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.